ముడతకి రింకిల్ ఒక్కటే చాలదా మేడమ్?

ముసలితనాన్ని, ముడతల్ని వర్ణించే ఇంగ్లీషు మాటల మీద ఈ నెల ప్రశ్నలు పంపమని అడిగాం. కుప్పలుగా వచ్చాయి. ఒకే ప్రశ్నని నలుగురైదుగురు అడిగిన చోట ఒకరిదే తీసుకున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మల్కాజిగిరి, బ్యాంకులో పని చేస్తాను. మా నాయనమ్మ మీద తెలుగులో రాసుకున్న కథని ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. ఆమెది జనగామ దగ్గర పల్లె, డెబ్భై దాటాక కూడా పత్తి చేలోనే ఉండేది. కథలో ముడతలు అన్న చోటల్లా రింకిల్స్ అని రాస్తే నా ఫ్రెండ్ చదివి "ఒకటే మాట ఎన్నిసార్లు రాస్తావే" అంది. థెసారస్, అదే ఒకే అర్థం ఉన్న మాటల డిక్షనరీ, తీసి విజెన్డ్, ష్రివెల్డ్, కారుగేటెడ్, డెక్రెపిట్ అని తలా ఒక చోట పెట్టాను. ఇప్పుడు చదివితే అందులో ఉన్నది మా నాయనమ్మ అనిపించట్లేదు. ఏ మాట ఎక్కడ వాడాలి?

జవాబు: అనిపించకపోవడం న్యాయమే. ముందు ఆ డెక్రెపిట్‌ని కొట్టేయండి. కూలడానికి సిద్ధంగా ఉన్న బిల్డింగ్‌కీ తుప్పు పట్టిన బండికీ వాడే మాట అది, మనిషికి వాడితే ఇక ఎందుకూ పనికిరాదు అన్నట్టు ఉంటుంది, డెబ్భై దాటాక కూడా పత్తి ఏరిన మనిషిని పట్టుకుని అలా అంటే ఆమె ఊరుకుంటుందా? కారుగేటెడ్ సంగతి వేరు. పుట్టుక చూస్తే అది అచ్చంగా ముడతల మాటే. లాటిన్‌లో రూగా అంటే ముడత, అందులోంచి వచ్చింది, కనుబొమలు ముడిచే కండరాన్ని డాక్టర్లు ఇప్పటికీ కారుగేటర్ అనే పిలుస్తారు. అయినా చదివేవాళ్లకి గుర్తొచ్చేది షెడ్డు మీది రేకులూ కొరియర్ అట్టపెట్టెలూ. అది కూడా తీసేయండి.

విజెన్డ్ అనేది మనవాళ్లు చాలామంది పొరబడే మాట. వైజ్, విజర్డ్ లాంటి మాటలకి చుట్టం అనుకుని, తల పండిన మనిషి అనే అర్థంలో వాడేస్తారు. వాటికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎండిపోవడం, వడిలిపోవడం అనే పాత ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చింది. ఒళ్లు తగ్గి, చిన్నగా అయిపోయి, ముడుచుకుపోయిన మనిషికి సరిపోతుంది. మీ నాయనమ్మ పొడుగ్గా దిట్టంగా ఉండే మనిషైతే అస్సలు కుదరదు. ష్రివెల్డ్ ఇంకా కఠినం, తడి అంతా పోయి ముడుచుకున్న ఆకులకీ కాయలకీ వాడతారు. ఆమె జబ్బుపడి మంచాన ఉన్న ఘట్టం ఏదైనా కథలో ఉంటే అక్కడ, అదీ చేతులకో పెదాలకో పనికొస్తుందేమో చూడండి, మొత్తం మనిషికి మాత్రం వద్దు.

ఇప్పుడు థెసారస్ మూసేసి ఆమె ఫొటో ముందు పెట్టుకోండి. ముడత ఎక్కడుంది, మొహం కదిలితే అదీ కదులుతుందా, ఎందువల్ల వచ్చింది, ఇవి చూసుకుంటే చాలు. ఇంగ్లీషులో ఈ మాటలన్నీ విడిపోయేది వీటి దగ్గరే.

నుదుటి మీద అడ్డంగా లోతుగా ఉన్నవైతే ఫరోస్. ఫరో అంటే నాగలి చాలు. చేలో బతికిన మనిషికి ఇంతకంటే దగ్గరి మాట దొరకదు, మీరు విడిగా పోలిక ఏదీ తేనక్కర్లేదు, మాటలోనే పొలం ఉంది. ఫరోడ్ బ్రౌ అని మాత్రం రాయకండి, దాన్ని ఎక్కువమంది దిగులుతోనో ఆలోచనతోనో ముడిపడ్డ నుదురు అని చదువుకుంటారు. "డీప్ ఫరోస్ అక్రాస్ హర్ ఫోర్‌హెడ్" అని విడమరిచి రాస్తే వయసు అర్థమవుతుంది. కనుబొమల మధ్య నిలువుగా పడేవి ఫ్రౌన్ లైన్స్. ఇందులో ఒక తిరకాసు ఉంది, బ్రిటిష్ వాళ్లకి ఫ్రౌన్ అంటే కనుబొమలు ముడవడం, అమెరికాలో చాలామందికి మూతి కిందికి వంచడం. పేరులో ఫ్రౌన్ ఉన్నా ఈ గీతలు మాత్రం రెండు చోట్లా కనుబొమల మధ్యవే.

కళ్ల కొసల్లో ఉండేవి క్రోస్ ఫీట్, అంటే కాకి పాదాలు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవిత్వంలోనే ఈ మాట ఉంది. ఫ్రెంచివాళ్లు వీటిని బాతు పాదం అంటారు, స్పానిష్‌వాళ్లు కోడిపుంజు పాదాలు అంటారు, ఎవరి పెరట్లో ఏ పక్షి తిరిగితే అది ఎక్కేసినట్టుంది మొహం మీదికి. క్రీముల ప్రకటనలు ఈ మాటని బాగా అరగదీశాయి కాబట్టి కథలో వాడకపోవడమే మంచిది. నాయనమ్మ నవ్వే చోట క్రింకిల్ అనే క్రియ వాడి చూడండి, "హర్ ఐస్ క్రింకిల్డ్" అని, అంతే. క్రింకిల్‌లో ఎప్పుడూ కాస్త ముద్దు ఉంటుంది, నవ్వుతో వచ్చి నవ్వుతో పోయే ముడత అది. ముక్కు పక్క నుంచి నోటి చివరల దాకా దిగేవి స్మైల్ లైన్స్, వీటినే డాక్టర్లు నాసోలేబియల్ ఫోల్డ్స్ అంటారు, కథలో ఆ మాట పెడితే చర్మం డాక్టర్ రాసిన చీటీలా ఉంటుంది. నోటి చివరల నుంచి గడ్డం వైపు దిగే గీతలకి మారియనెట్ లైన్స్ అని పేరు, దారాలతో ఆడించే కొయ్యబొమ్మల దవడ మీది గాట్లు చూసి పెట్టింది.

మొత్తం చర్మం గురించి ఒకే మాట కావాలంటే వెదర్డ్. ఎండా గాలీ వానా తిన్న మొహం అని అర్థం, అందులో మర్యాద ఉంది. లెదరీ కూడా ఎండ వల్లే, కానీ వినడానికి ఫిర్యాదులా ఉంటుంది. వేళ్లు కణుపులు కట్టి వంకర తిరిగి ఉంటే నార్ల్డ్, ముందు జి అక్షరం ఉంటుంది గానీ పలకదు, ముసలి చెట్లకి కూడా ఇదే మాట. చేతి మీద చర్మం పల్చబడి నరాలు తేలితే పేపరీ. బోసినవ్వుకి టూత్‌లెస్ గ్రిన్ బాగుంటుంది. గమీ స్మైల్ అని మాత్రం రాయకండి, పళ్లున్నవాళ్లకి నవ్వినప్పుడు చిగుళ్లు ఎక్కువ కనబడితే పళ్ల డాక్టర్లు దాన్ని అలా అంటారు. గడ్డం కింద వేలాడే చర్మానికి డ్యూలాప్, వాటిల్ అని రెండు మాటలు దొరుకుతాయి. మొదటిది ఆవు గంగడోలు, రెండోది కోళ్ల మెడ కింద వేలాడేది, మనిషికి ఏది వాడినా ఎగతాళే. నడుం వంగిపోతే స్టూప్డ్ లేదా బెంట్. హంచ్డ్ అంటే ఆ నిమిషానికి ముడుచుకుని కూర్చోవడం, చలికి కావచ్చు, ఫోన్ చూస్తూ కావచ్చు, దానికి వయసుతో పని లేదు.

ఇక మీ ఫ్రెండ్ మాట. రింకిల్స్ ఎక్కువసార్లు వచ్చిందంటే ప్రతిచోటా కొత్త మాట పెట్టాలని కాదు, సగం చోట్ల అసలు ఏ మాటా అక్కర్లేదు. ఒకసారి బాగా చూపించాక చదివేవాళ్లకి ఆమె మొహం గుర్తుంటుంది, తర్వాత ఆమె పప్పు రుబ్బుతున్నప్పుడూ మిమ్మల్ని తిడుతున్నప్పుడూ ముడతలు మళ్లీ ఎందుకు చెప్పండి?

ప్రశ్న: లాంచ్ లోపు రింకిల్స్ అన్నీ ఐరన్ అవుట్ చేయాలని మా మేనేజర్ మెయిల్ పెట్టాడు. టీమ్‌లో మేమిద్దరం ఇస్త్రీ పెట్టె తెద్దామా అని నవ్వుకున్నాం. అసలు చొక్కాకి ఉండేది రింకిలా, క్రీజా? క్రికెట్ క్రీజ్‌కీ దీనికీ సంబంధం ఉందా? గచ్చిబౌలి నుంచి.

జవాబు: మీ మేనేజర్ రాసింది తప్పేం కాదు, చిన్నచిన్న చిక్కులు తీసేయాలని దాని అర్థం. క్రీస్ అంటే మడత వల్ల పడ్డ గీత. ప్యాంటుకి ఇస్త్రీవాడు కావాలని పెట్టే నిలువు గీత క్రీసే, బ్యాగులో కుక్కితే చొక్కా మీద పడ్డదీ క్రీసే, మొదటిదానికి డబ్బులిస్తాం, రెండోదాన్ని పోగొట్టడానికి డబ్బులిస్తాం. అక్కడక్కడా సన్నగా పడితే రింకిల్స్. వేసుకున్న బట్టలతోనే పడుకుని లేస్తే రంపుల్డ్, చెదిరిన జుట్టుకి కూడా అదే. ఉండచుట్టిన కాగితం క్రంపుల్డ్. చీర కుచ్చిళ్లు ప్లీట్స్. ఉచ్చారణ దగ్గర డిక్షనరీలన్నీ చివర స అనే చెబుతాయి, క్రీస్ అని, కానీ ఉప్పల్ స్టేడియంలో కూర్చుని బ్యాటర్ క్రీస్ దాటాడు అంటే పక్కవాళ్లు మిమ్మల్నే చూస్తారు, అక్కడ క్రీజ్ అనేయండి. సంబంధం ఉందా అంటే ఉంది. ఇప్పుడది తెల్ల గీత గానీ, 19వ శతాబ్దంలో సున్నం గీతలు వచ్చేదాకా నేలలో సన్నటి గాడిలా కోసేవాళ్లు. మన అరచేతి గీతల్ని కూడా డాక్టర్లు క్రీసెస్ అనే అంటారు, లైన్స్ అనేది హస్తసాముద్రికం చూసేవాళ్లు.

ప్రశ్న: నా వయసు అరవై ఎనిమిది. చేతుల మీద, చెంప మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి వీడియో కాల్‌లో చూసి అవి లివర్ స్పాట్స్ నాన్నా అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్, మందు కూడా తాగను, లివర్ ఎందుకు పాడైందో అర్థం కావట్లేదు. పద్మారావునగర్ నుంచి ఒక పెద్దాయన.

జవాబు: టెన్షన్ పడకండి సార్, ఆ పేరుకీ మీ లివర్‌కీ సంబంధం లేదు. వెనకటి రోజుల్లో లివర్ వల్ల వస్తాయని అనుకుని పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. డాక్టర్లు వీటిని సోలార్ లెంటిగోస్ అంటారు, మామూలు ఇంగ్లీషులో ఏజ్ స్పాట్స్, సన్ స్పాట్స్ అని కూడా అంటారు, ఏళ్ల తరబడి తగిలిన ఎండ వల్ల వచ్చేవి, అందుకే చేతుల వెనకవైపూ మొహం మీదా ఎక్కువ. మన ఆడవాళ్లకి బుగ్గల మీద వచ్చే మంగు వేరు, దాని ఇంగ్లీషు పేరు మెలాస్మా. మచ్చ పెరుగుతున్నా, రంగో అంచో మారుతున్నా, రక్తం వచ్చినా చర్మం డాక్టర్‌కి ఒకసారి చూపించండి, పేరు ఏదైనా సరే.

ఎండ అంటే గుర్తొచ్చింది. అమెరికాలో 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవర్ ఫొటో ఒకటి 2012లో అక్కడి పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. మొహం ఎడమవైపంతా లోతైన ముడతలు, కుడివైపు అంతకంటే చాలా చిన్న వయసు మనిషిలా ఉంటాడు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, పక్క అద్దంలోంచి ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలు లోపలికి వస్తాయి. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కదా, మన క్యాబ్ డ్రైవర్లకి ఏ చెంప జాగ్రత్తో వేరే చెప్పక్కర్లేదు. వయసుతో వచ్చేది ఏజింగ్ అయితే, ఇలా వెలుతురుతో వచ్చేదాన్ని ఫోటోఏజింగ్ అంటారు.

ప్రశ్న: నేను నాంపల్లి కోర్టులో జూనియర్ని. అఫిడవిట్‌లో "ఏజ్డ్ అబౌట్ 65 ఇయర్స్" అని రాస్తాం. మా సీనియర్ సార్ ఒకసారి ఏజ్డ్ అంటారు, ఒకసారి ఏజిడ్ అంటారు. ఏది కరెక్ట్? అలాగే క్లయింట్‌ని ఓల్డ్ మ్యాన్ అని రాయొచ్చా?

జవాబు: మీ సీనియర్ గారు ఎక్కడ ఏది అంటున్నారో గమనించండి, బహుశా రెండూ కరెక్టే అయ్యుంటాయి. వెనక సంఖ్య ఉంటే ఏజ్డ్, 65 ఏళ్ల వయసు గల అని. వెనక మనిషి ఉంటే ఏజిడ్, "యాన్ ఏజిడ్ ఫాదర్" అన్నట్టు. ముసలివాళ్లందరినీ కలిపి అనేటప్పుడు కూడా ది ఏజిడ్. చీజ్ లాంటివి నిల్వబెట్టి మగ్గించినప్పుడు మళ్లీ ఏజ్డ్.

క్లయింట్‌ని ఓల్డ్ మ్యాన్ అని రాయకండి, అది కోర్టు కాగితం. మన చట్టంలో మాట ఉంది కదా, తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ కోసం 2007లో తెచ్చిన చట్టం ప్రకారం 60 నిండిన భారత పౌరులు సీనియర్ సిటిజన్లు, ఆ మాటే వాడండి. ఎల్డర్లీ మర్యాదైన మాటే, కానీ అసోసియేటెడ్ ప్రెస్ లాంటి వార్తాసంస్థలు ఇప్పుడు దాన్ని తగ్గించి ఓల్డర్ పీపుల్, ఓల్డర్ అడల్ట్స్ అనమంటున్నాయి. నాకైతే మన ఊళ్లో ఎల్డర్లీ అంటే ఎవరూ నొచ్చుకున్నట్టు కనబడలేదు. సెనైల్, అంటే ముసలితనంతో మతి తప్పిన అని, మాత్రం ఎవరి గురించీ రాయకండి. మతిమరుపు జబ్బు ఉందని డాక్టర్ రిపోర్టు ఉంటే అందులో ఉన్న మాటనే మక్కీకి మక్కీ దించండి, మీ సొంత మాట వద్దు. డాడరింగ్ అంటే తడబడుతూ నడిచే అని అర్థం, అందులో వెక్కిరింపు ఉంది, అవతలి పార్టీ లాయరు వాడితే అబ్జెక్షన్ చెప్పదగ్గ మాట.

ప్రశ్న: హాయ్ మేడమ్, కొండాపూర్‌లో ఒక చిన్న స్కిన్ కేర్ కంపెనీకి కంటెంట్ రాస్తాను. ఫైన్ లైన్స్‌కీ రింకిల్స్‌కీ తేడా ఏంటి? క్రేపీ అంటే భయపెట్టే అనే కదా, చర్మానికి ఎందుకు వాడతారు? యాంటీ ఏజింగ్ అని రాయకూడదంటున్నారు, నిజమేనా?

జవాబు: వెనక నుంచి వద్దాం. ఎల్యూర్ అనే అమెరికన్ బ్యూటీ పత్రిక 2017లో యాంటీ ఏజింగ్ అనే మాట ఇక వాడబోమని ప్రకటించింది, వయసు పెరగడం అనేది పోరాడాల్సిన జబ్బు కాదు అన్నది వాళ్ల వాదన. చట్టం ఏమీ కాదు, మీ కంపెనీ ఇష్టం. సబబైన వాదనే గానీ, మాట మార్చి రివర్స్, డిఫై, కరెక్ట్ అని రాస్తే చేసిందేమీ లేదు. భయపెట్టేది క్రీపీ, మీరు చూసింది క్రేపీ, అది క్రేప్ గుడ్డ నుంచి వచ్చింది. మనం క్రేప్ చీర అంటామే అదే, సన్నసన్నటి నలుగులున్న బట్ట. మోచేతుల దగ్గర, మెడ కింద చర్మం పల్చబడి అలా అయితే క్రేపీ స్కిన్. కొనేవాళ్లు అద్దంలో చూసుకుని ఏడ్చేలా మాత్రం రాయకండి.

ఫైన్ లైన్స్ పైపైన ఉండేవి, కళ్ల చుట్టూ ముందుగా కనబడతాయి. రింకిల్స్ లోతైనవి. మొహం కదిలినప్పుడే కనబడేవాటిని డైనమిక్ అనీ, ఊరికే కూర్చున్నా ఉండేవాటిని స్టాటిక్ అనీ అంటారు. బొటాక్స్ పనిచేసేది ముఖ్యంగా మొదటిరకం మీద, ఎందుకంటే అది కండరాన్ని కదలకుండా చేస్తుంది. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2002లో కనుబొమల మధ్య ముడతలకి దానికి అనుమతిచ్చింది, కళ్ల కొసల ముడతలకి 2013లో. అది సూది మందు. మీ క్రీముకి బొటాక్స్ లాంటి ఎఫెక్ట్ అని ఎవరైనా రాయమంటే ఆ వాక్యం కింద మీ పేరు పెట్టుకోకండి.

ప్రశ్న: నేను సైదాబాద్‌లో ఏడో తరగతి చదువుతున్నాను. స్విమ్మింగ్ చేశాక వేళ్లు ముసలివాళ్లలా అయిపోతాయి కదా ఆంటీ, దానికి ఇంగ్లీషులో ఏమంటారు? ఎందుకవుతాయి?

జవాబు: ప్రూనీ ఫింగర్స్ అంటారు నాన్నా. ప్రూన్ అంటే ఎండు ఆల్‌బుఖారా. నీళ్లు పీల్చుకుని చర్మం ఉబ్బితే అలా అవుతుందని పెద్దవాళ్లు కూడా చెబుతుంటారు, అసలు కథ వేరే ఉంది. వేలికి వెళ్లే నరం తెగిపోయినవాళ్లకి నీళ్లలో ఎంతసేపున్నా ఆ వేలు ముడతలు పడదని 1930ల్లోనే డాక్టర్లు గమనించారు. అంటే ముడత వేయమని నీ నరాలే చెబుతున్నాయి, అవి చెప్పగానే వేలి కొసల్లో రక్తనాళాలు సన్నబడి చర్మం లోపలికి లాగినట్టు అవుతుంది. అలా ముడతలు పడితే తడి వస్తువుల్ని పట్టుకోవడం సులువవుతుందని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. బయటికొచ్చాక కాసేపటికి మామూలైపోతాయి, తాతయ్యవి అలా పోవు.

ప్రశ్న: గ్రిజిల్డ్, గ్రిజ్లీ, గ్రిస్లీ మూడూ ఒకటేనా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి.

జవాబు: గ్రిజిల్డ్ అంటే నెరిసిన జుట్టో గడ్డమో ఉన్న, ఎక్కువగా మగవాళ్లకి వాడతారు. గ్రిజ్లీ ఎలుగుబంటి. గ్రిస్లీ అంటే ఒళ్లు జలదరించేంత ఘోరమైన, హత్య వార్తల్లో వాడేది, పలకడం మాత్రం ఎలుగుబంటిలాగే. మామగారి గురించి రాసేటప్పుడు స్పెల్లింగ్ చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. అమెరికా మనవళ్ల కోసం ఇంగ్లీషులో కూడా కార్డు వేస్తున్నాం. "స్టిల్ స్ప్రై అట్ 81" అని మా తమ్ముడు, "హేల్ అండ్ హార్టీ" అని నేను. ఎవరిది పెట్టాలి? వనస్థలిపురం నుంచి.

జవాబు: స్ప్రై అంటే చురుగ్గా ఉన్న అనే అర్థం, తప్పు మాట కాదు, కానీ అది ముసలివాళ్లకే వాడతారు, ఈ వయసులో కూడా లేచి తిరుగుతున్నాడే అన్న ఆశ్చర్యం అందులో వినిపిస్తుంది. మీ తమ్ముడు ముందు స్టిల్ కూడా తగిలించాడు, దాంతో ఆ ఆశ్చర్యం రెట్టింపైంది. హేల్ అండ్ హార్టీ నయం, కాకపోతే పాతకాలపు ఉత్తరాల వాసన వస్తుంది. నన్నడిగితే రెండూ వద్దు. వెయ్యి పున్నములు చూసిన మనిషి అన్న సంగతి కార్డులోనే ఉంది కదా, "హి హ్యాజ్ సీన్ ఎ థౌజండ్ ఫుల్ మూన్స్" అని ఒక్క వాక్యం వేసి, కింద ఫంక్షన్ హాల్ అడ్రసు, ముహూర్తం, భోజనాల టైము ఇంగ్లీషులో కూడా సరిగ్గా పడ్డాయో లేదో ప్రూఫులో చూసుకోండి.